సముద్రపు గాలిలో కాగితాన్ని కాపాడే పని: విశాఖ నుంచి పరిరక్షణ అధిపతి స్థాయికి ఎలా ఎదగాలి

పాత పుస్తకాలు, పాత రికార్డులు కాపాడే పనిలోకి వెళ్లాలని ఉంది, దారి ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. విశాఖలో లైబ్రరీ సైన్స్ చదివేవాళ్లు, హిస్టరీ ఎం.ఏ. పూర్తి చేసినవాళ్లు తరచూ అనే మాట ఇది. ఇప్పటికే ఏదో ఒక లైబ్రరీలోనో రికార్డు రూములోనో పనిచేస్తూ, పై స్థాయికి ఎలా వెళ్లాలో తెలియక ఆగిపోయినవాళ్లూ చాలామంది ఉన్నారు. ఇది వాళ్లందరి కోసం.

ఒక విషయం ముందే చెప్పాలి. మన రాష్ట్రంలో ‘పరిరక్షణ విభాగాధిపతి’ అని బోర్డు ఉన్న గదులు చాలా తక్కువ. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వయసు దాటిపోతుంది. ఉన్న ఉద్యోగంలోనే ఆ పని మొదలుపెట్టి, ఫలితం చూపించి, దీనికి ఒక మనిషి, ఒక బడ్జెట్ అవసరమని పైవాళ్ల చేత ఒప్పించినవాళ్లే ఈ రంగంలో ముందుకు వెళ్లారు. అందుకే కింది మెట్లలో డిగ్రీల గురించి తక్కువ, గది గురించి, గాలి గురించి, చట్టం గురించి ఎక్కువ ఉంటుంది.

1. అధిపతి చేసే పని ఏమిటో తెలుసుకోండి

చిరిగిన పేజీని అతికించడం ఒక నైపుణ్యం. దానికి చేయి తిరిగిన మనిషి కావాలి. అధిపతి పని వేరు. ఏది ముందు కాపాడాలి, ఏది తర్వాత చూడవచ్చు, దేన్ని నియమం ప్రకారం తీసేయవచ్చు అని తేల్చడం, ఆ నిర్ణయానికి కారణం రాసిపెట్టడం అతని పని. పది వేల సంపుటాలున్న చోట ఈ ఏడాది డబ్బు వందకే సరిపోతుంది. ఆ వంద ఏవి? ఈ ప్రశ్నకు ప్రిన్సిపాల్ ముందు, ఆడిటర్ ముందు, పరిశోధకుల ముందు ఒకే సమాధానం చెప్పగలగాలి.

దాంతోపాటు ఇంజనీరింగ్ విభాగంతో మాట్లాడి పైకప్పు కారకుండా చూడాలి. చెదల మందు కొట్టేవాళ్లను పుస్తకాల మీద కొట్టకుండా ఆపాలి. కొత్తగా చేరిన అటెండరుకు పుస్తకం ర్యాకులోంచి ఎలా తీయాలో నేర్పించాలి. పుస్తకం పైఅంచు పట్టి లాగితే వెన్ను ఊడిపోతుంది. పక్క పుస్తకాలను కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని తీయాలి. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, మరమ్మతుకు వచ్చే వాటిలో ఇలా పాడైనవీ ఉంటాయి.

ఈ పనిలో మరమ్మతు బల్ల దగ్గర గడిపే సమయం తక్కువే. చేతిపని మీద మాత్రమే ఇష్టం ఉన్నవాళ్లు కన్సర్వేటర్‌గా స్థిరపడటం మంచిది. అదీ గౌరవమైన దారే.

2. చదువు

ఏ డిగ్రీ తర్వాతైనా లైబ్రరీ సైన్స్‌లో బి.ఎల్.ఐ.ఎస్‌సి. (డిగ్రీ), ఆ తర్వాత ఎం.ఎల్.ఐ.ఎస్‌సి. (పీజీ) చేయవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైతే 1935లోనే అక్కడ గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టారు. దేశంలో ఈ చదువును తొలిగా మొదలుపెట్టిన చోట్లలో మన ఊరు ఒకటి. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో కోర్సులు ఉన్నాయి.

విశ్వవిద్యాలయాల దారిలో వెళ్లేవాళ్లు 2018 నాటి యూజీసీ నిబంధనలు చదివి పెట్టుకోవాలి. అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు సాధారణంగా పీజీలో కనీసం 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ కావాలి. డిప్యూటీ లైబ్రేరియన్‌కు పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం అడుగుతారు. యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు పీహెచ్‌డీ, 10 ఏళ్ల అనుభవం ఉండాలి. పీహెచ్‌డీకి ఒప్పుకునే విషయాల్లో ఆర్కైవ్స్ (పాత రికార్డుల భాండాగారాలు), వ్రాతప్రతుల నిర్వహణ కూడా ఉన్నాయి. అంటే పరిరక్షణ మీదే పరిశోధన చేసి పై పోస్టుకు అర్హత తెచ్చుకోవచ్చు. ఇది చాలామంది గమనించరు. ఎవరి రచనను ఎందరు ఉటంకించారన్న సిటేషన్ల లెక్కల మీద మరో థీసిస్ రాసే బదులు, తీరప్రాంత లైబ్రరీలో తేమ కాగితాన్ని ఏం చేస్తుందన్న దాని మీద రాయండి. మన ఊరికి అది పనికొస్తుంది.

ఆర్కైవ్స్ వైపు వెళ్లాలంటే హిస్టరీ ఎం.ఏ.తో పాటు ఆర్కైవ్స్ డిప్లొమా ఉండటం మేలు. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా మొదలై, తర్వాత ఢిల్లీకి వచ్చిన నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాకు సొంత శిక్షణ సంస్థ ఉంది. పేరు స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్. అక్కడ ఏడాది డిప్లొమాతో పాటు కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులూ నడుస్తాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఆఫీసు తరఫున వెళ్లవచ్చు. సెలవు దొరకదేమో, డబ్బు ఇవ్వరేమో అని టెన్షన్ పడి అడగడం మానేయకండి. కోర్సు వివరాలు జతచేసి రాతపూర్వకంగా అడగండి. కాదంటే వచ్చే ఏడాది మళ్లీ అడగండి.

3. చేతిపని కొంతైనా నేర్చుకోండి

మీరు స్వయంగా మరమ్మతు చేయకపోయినా, ఎదుటివాళ్లు చేసేది సరైనదో కాదో తేల్చడానికి ఇది తెలియాలి. లక్నోలోని నేషనల్ రీసెర్చ్ లేబొరేటరీ ఫర్ కన్సర్వేషన్, వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ కన్సర్వేషన్ కేంద్రాలు ఇలాంటి శిక్షణకు పేరున్నవి. ఇన్‌టాక్‌కు విశాఖలోనూ శాఖ ఉంది. సభ్యులుగా చేరితే ఈ పని మీద ప్రేమ ఉన్న మనుషులు పరిచయమవుతారు.

మొదట నేర్చుకోవాల్సిన సూత్రం ఒక్కటే: మీరు చేసిన మరమ్మతును తర్వాతి తరం వాళ్లు విప్పగలగాలి. సెల్లోటేపు ఎందుకు వద్దో దీంతోనే అర్థమవుతుంది. దాని జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది, ఇక వదలదు. పాత సర్టిఫికెట్లకు బజారులో వేడి మెషీన్ మీద చేయించే లామినేషన్ అంతకన్నా హాని. ఒకప్పుడు మన నేషనల్ ఆర్కైవ్స్‌లోనే అసిటోన్‌తో చేత్తో లామినేషన్ చేసే పద్ధతి రూపొందింది, ప్రపంచమంతా దాన్ని గమనించింది. ఇప్పుడు దాన్నీ వీలైనంతవరకు తగ్గించి, పలుచని జపనీస్ టిష్యూ, గోధుమ స్టార్చ్ జిగురు వాడుతున్నారు. ఆ జిగురు నీటితో వదులుతుంది.

మన బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పురుగు మాట ఎలా ఉన్నా, అందులోని రాగి కాగితం చివకడాన్ని వేగం చేస్తుంది. విలువైన సంపుటాలకు అది వద్దని బైండరుతో ముందే మాట్లాడుకోవాలి. అతని మీద అధికారం చూపిస్తే వినడు. పక్కన కూర్చుని, మీరు చెప్పిన జిగురుతో ఒక పుస్తకం కుట్టి చూపించమనండి.

తాళపత్రాల పని వేరు. గంటంతో గీసి మసి పూసిన ఆకులకు నిమ్మగడ్డి నూనె లాంటివి పలుచగా రాస్తే విరుపు తగ్గి మెత్తబడతాయి. సిరాతో పైపైన రాసిన ఆకులకు మాత్రం అలా చేయకూడదు, అక్షరమే పోతుంది. ఏ ఆకు ఏ రకమో తేల్చుకోకుండా సీసా మూత తీయకండి. వ్రాతప్రతుల కోసం 2003లో నేషనల్ మిషన్ మొదలైంది. 2025 బడ్జెట్‌లో కోటికి పైగా వ్రాతప్రతుల సర్వే లక్ష్యంగా జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. ఉత్తరాంధ్రలో ఇళ్లలో, మఠాల్లో ఉన్న ఆకులను గుర్తించి జాబితా చేయగల మనుషులకు ఇది మంచి సమయం.

4. మీ గది గాలిని చదవండి

నా దృష్టిలో విశాఖలో ఈ ఉద్యోగానికి అసలైన పునాది ఇదే. ఇక్కడ చాలా రోజులు గాలిలో తేమ 70 శాతం చుట్టుపక్కలో, ఆ పైనో ఉంటుంది. 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు మొదలవుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. ఇనుప ర్యాకులు తుప్పు పడతాయి, ఆ తుప్పు మరక అట్టలకు ఎక్కుతుంది. ఫైళ్లలోని గుండుసూది చుట్టూ ముందు గోధుమరంగు మచ్చ, తర్వాత చిల్లు.

ముందు తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొనండి. అది నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే తేల్చవచ్చు. సీసా మూతలో వంటఉప్పు వేసి, కొద్ది నీటి చుక్కలతో ముద్దలా తడపండి. ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ కవరులో పెట్టి మూసి, రాత్రంతా ఉంచండి. తెల్లారి 75 శాతం దగ్గర చూపాలి. ఎంత తేడా ఉంటే అంత మీటరు మీద రాసి అతికించండి. తర్వాత గదిలో మూడు చోట్ల, అంటే కిటికీ దగ్గర, మధ్యలో, సముద్రం వైపు గోడ పక్కన, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి నోట్‌బుక్కులో రాయండి. ఒక ఏడాది రాసిన నోట్‌బుక్కు మీ చేతిలో ఉంటే, ఏ మీటింగులోనైనా మీ మాటకు బలం ఉంటుంది. ‘గది తేమగా ఉంది సార్’ అంటే ఎవరూ వినరు. ‘ఆగస్టులో సగం రోజులు ఈ గోడ దగ్గర 80 దాటింది’ అంటే ఇంజనీరు వచ్చి చూస్తాడు.

ఏసీ గురించి గట్టిగా చెప్పాలి. పగలు ఆఫీసు వేళల్లో వేసి, రాత్రి కట్టేసే ఏసీ పుస్తకాలకు మేలు చేయదు. చల్లబడిన అట్టల మీద రాత్రి తేమగాలి చేరుతుంది, ఆ హెచ్చుతగ్గులకు కాగితం రోజూ ఉబ్బి ముడుచుకుంటుంది. ఇరవై నాలుగు గంటలూ నడపగలిగితే నడపండి. లేకపోతే ఫ్యాన్లు, గాలి ఆడే ఏర్పాటు, వానాకాలంలో తేమ లాగే యంత్రం మేలు. ర్యాకులు గోడకు జానెడు దూరంగా, నేలకు అరజానెడుకు తగ్గకుండా ఎత్తులో ఉండాలి. గోడకు ఆనించిన ర్యాకు వెనక వరసలోనే బూజు మొదట కనిపిస్తుంది.

పురుగుల విషయంలో నాఫ్తలీన్ ఉండలను నమ్ముకోకండి, అవి మనుషుల ఆరోగ్యానికీ ఇబ్బందే. పాత స్టాకులో దశాబ్దాల కిందట చల్లిన డీడీటీ, గమాక్సిన్ లాంటి పురుగుమందుల పొడి ఇంకా ఉండవచ్చు. మాస్కు, గ్లవ్స్ లేకుండా అటెండర్ల చేత దులిపించకండి. ఇది అధిపతి బాధ్యత. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ కవరులో గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే మందు లేకుండానే పురుగు చస్తుంది. బయటికి తీశాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు.

5. ఒక రికార్డు గదిని అడిగి తీసుకోండి

ప్రతి సంస్థలోనూ ఎవరూ తాళం తీయని గది ఒకటి ఉంటుంది. దాని బాధ్యత మీకు ఇమ్మని అడగండి. ఇస్తారు, ఎందుకంటే ఇంకెవరూ అడగరు.

లోపలికి వెళ్లగానే సర్దడం మొదలుపెట్టకండి. ముందు ఫొటోలు తీయండి, ఏ కట్ట ఎక్కడ ఉందో పటం గీయండి. భీమిలిలో స్థావరం పెట్టుకున్న డచ్చివాళ్ల దేశంలో 1898లో ముగ్గురు ఆర్కివిస్టులు కలిసి ఒక మార్గదర్శిని రాశారు. రికార్డు ఏ ఆఫీసులో పుట్టిందో ఆ ఆఫీసు పేరుతోనే, వాళ్లు పెట్టుకున్న వరసలోనే ఉంచాలన్న నియమాన్ని పద్ధతిగా అందులో చెప్పారు. నేటికీ ఆర్కైవ్స్ పని దాని మీదే నడుస్తోంది. లైబ్రరీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. విషయాన్ని బట్టి విడదీసి, లైబ్రరీ పుస్తకాలకు వేసే డ్యూయీ నంబరు వేసి, ఎన్నేళ్లయినా మళ్లీ కలపలేని స్థితికి తెస్తారు. ఒక ఉత్తరం పక్కన ఏ ఉత్తరం ఉందన్నదే చాలాసార్లు సాక్ష్యం.

రెవెన్యూ రికార్డులైతే కట్టల మీది గుర్తులు చదవడం నేర్చుకోండి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సినవి, డి.డిస్. పదేళ్ల తర్వాత తీసేయదగినవి, ఎల్.డిస్. అంతకన్నా తక్కువ కాలానివి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఈ పద్ధతిలో ఏది విలువైనదో అప్పటి గుమాస్తాలే సగం చెప్పి పెట్టారు. విశాఖపట్నం జిల్లా ఆ ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి, మన ఫైలుకు జంట ఫైలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండవచ్చు. ఒకసారి వెళ్లి అక్కడి పద్ధతి చూసి రండి.

తర్వాత సర్వే. మొత్తం చూడాల్సిన పనిలేదు. లాటరీ పద్ధతిలో 400 సంపుటాలు తీసి చూస్తే చాలు, మొత్తం పరిస్థితి అయిదు శాతం అటూఇటూగా తెలుస్తుంది. ఒక్కోదానికి ఒక వరస రాయండి: అట్ట ఉందా, కుట్టు వదిలిందా, బూజు ఉందా, పురుగు ఉందా, కాగితం పెళుసా. పెళుసుతనం తెలుసుకోవడానికి అక్షరాలు లేని మూలను ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి మడవాలి. నాలుగు జతలు మడవకముందే విరిగితే అది జిరాక్సు మెషీన్‌కు కూడా తట్టుకోదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి చెక్కగుజ్జుతో, పటికతో తయారైన కాగితంలో ఆమ్లం ఉంటుంది. నూరేళ్ల నాటి పత్రికలు మూడొందల ఏళ్ల నాటి చేతి కాగితం కన్నా ముందు పొడి కావడానికి కారణం అదే.

మన ఊరికి ప్రత్యేకమైన రకం ఒకటుంది. పోర్టు 1933లో మొదలైంది, నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది పడింది. అలాంటి చోట్ల పాత ఇంజనీరింగ్ డ్రాయింగులు ఉంటాయి. నీలిరంగు బ్లూప్రింట్లను క్షారం కలిపిన ‘యాసిడ్ ఫ్రీ’ కాగితంలో చుట్టకూడదు, రంగు వెలిసిపోతుంది. వాటికి క్షారం కలపని తటస్థ కాగితం కావాలి. బట్ట మీద గీసిన ట్రేసింగులకు గంజి పూత ఉంటుంది, నీటి చుక్క పడినా గీత చెదురుతుంది. ఈ రెండు ముక్కలు తెలిసిన మనిషికి ఇలాంటి సంస్థల్లో గౌరవం వెంటనే వస్తుంది. ఫిల్ము డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చిందంటే అది శిథిలం కావడం మొదలైనట్టు. వెంటనే మిగతా వాటి నుంచి వేరు చేయండి.

6. అక్టోబరు రాకముందే తుపాను ప్లాన్ రాయండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖలో ఎవరికీ చెప్పనవసరం లేదు. అద్దాలు పగిలాయి, కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు మూగబోయాయి. తడిసిన పుస్తకానికి ఉన్న గడువు సుమారు 48 గంటలు. ఆ తర్వాత బూజు. అంటే తుపాను తర్వాత ఆలోచించడానికి సమయం ఉండదు, ముందే రాసి ఉండాలి. ప్లాను రెండు పేజీలు మించకూడదు, అచ్చు వేసి గోడకు అంటించాలి. కరెంటు లేనప్పుడు కంప్యూటర్లోని ప్లాను ఎవరికీ అందదు.

అందులో ఇవి ఉండాలి: గది తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, ముందుగా బయటికి తేవాల్సిన యాభై వస్తువుల జాబితా, అవి ఏ ర్యాకులో ఏ అరలో ఉన్నాయి, సిబ్బందిలో నడిచి రాగలిగినంత దగ్గరలో ఎవరున్నారు. పెట్టెలో పాలిథిన్ షీట్లు, ప్లాస్టిక్ క్రేట్లు, టార్చీలు, అచ్చు లేని న్యూస్‌ప్రింట్, బటర్ పేపర్, గ్లవ్స్ సిద్ధంగా ఉంచాలి. తుపాను హెచ్చరిక రాగానే కింది అరలు ఖాళీ చేసి, ర్యాకుల మీద షీట్లు కప్పాలి. తుపాను దాటగానే షీట్లు తీసేయాలి, లేకపోతే లోపల తేమ ఉడుకుతుంది.

తడిసిన వాటిని ఎండలో పెట్టకండి, బలవంతంగా తెరవకండి. కొద్దిగా తడిసినవాటిని నిలబెట్టి, మధ్యమధ్య కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. బాగా నానినవాటిని, నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలను ఒక్కొక్కటీ బటర్ పేపరులో చుట్టి, వెన్ను కిందికి వచ్చేలా క్రేట్లలో పెట్టి గడ్డకట్టించాలి. దాంతో పుస్తకం బాగుపడదు కానీ సమయం దొరుకుతుంది, ఆ తర్వాత కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఈ విషయంలో విశాఖకు మంచి వసతి ఉంది. ఫిషింగ్ హార్బరు చుట్టూ, నగరం అంచుల్లో కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, వాటికి జనరేటర్లూ ఉంటాయి. అవి ఆహారం నిల్వ చేసే చోట్లు కాబట్టి తడి పుస్తకాలను అందరూ ఒప్పుకోరు. అందుకే విడి గది ఇవ్వగలిగే యజమానితో జూలైలోనే మాట్లాడి, ఒక కాగితం మీద రాసుకోవాలి. ఏడాదికోసారి సిబ్బందితో రిహార్సల్ చేయండి, పాత పనికిరాని పుస్తకాలు పది తడిపి ఆరబెట్టించండి. చేసి చూసినవాళ్ల చెయ్యి ఆ రోజు వణకదు.

7. స్కానింగ్‌ను పరిరక్షణలో ఒక భాగంగా చూడండి

‘మొత్తం డిజిటైజ్ చేసేశాం’ అన్న మాట వినగానే మూడు ప్రశ్నలు అడగండి. మూల ఫైళ్లు ఎక్కడున్నాయి? అవి పాడవలేదని ఎలా తెలుసు? ఆపరేటరు మానేస్తే ఫైలు పేర్ల అర్థం ఎవరికి తెలుసు? మూల ప్రతిని టిఫ్‌లో (నాణ్యత తగ్గని బొమ్మ ఫైలు రకం) ఉంచి, చదువరులకు పీడీఎఫ్ ఇవ్వండి. ఫైలు ఒక్కోదానికి చెక్‌సమ్ (ఫైలులో ఏది మారినా తాను మారిపోయే గుర్తు సంఖ్య) తీసి జాబితా పెట్టుకుని, ఆరునెలలకోసారి సరిచూడండి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఊరి బయట ఉండాలి. తీరం వెంబడి కాకుండా తుపాను దారికి దూరంగా, హైదరాబాదు లాంటి చోట ఉంచడం మేలు. జాబితాలకు, ఫైళ్ల నిల్వకు కోహా, డీస్పేస్, ఆటమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి. ఖరీదైన ప్యాకేజీ కొనే ముందు, అందులోంచి డేటా మొత్తం బయటికి తీసుకోవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి.

స్కాన్ అయ్యాక అసలు కాగితాలు పారేద్దామనేవాళ్లు తప్పక ఎదురవుతారు. అక్కడ మీరు గట్టిగా నిలబడాలి.

ఇక్కడికి దగ్గర్లో చూడదగ్గ ఉదాహరణ శ్రీకాకుళంలోని కథానిలయం. విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు 1997లో దాన్ని స్థాపించారు. తెలుగు కథలు వచ్చిన పత్రికలను, సంపుటాలను వెతికి ఒక చోట చేర్చారు, తర్వాత అవి డిజిటల్‌గానూ అందుబాటులోకి వచ్చాయి. ఒక విషయాన్ని గట్టిగా ఎంచుకుని, అందులో ఏదీ జారిపోకుండా పట్టుకోవడం ఎలాగో అక్కడ చూడవచ్చు.

8. చట్టాన్ని తోడు తెచ్చుకోండి

విశాఖలో ఉన్నన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థలు రాష్ట్రంలో ఇంకెక్కడా కనిపించవు. పోర్టు, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, రైల్వే, పరిశోధన కేంద్రాలు. వీటన్నిటికీ 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రికార్డులు సృష్టించే ప్రతి సంస్థా తన అధికారుల్లో ఒకరిని రికార్డ్స్ ఆఫీసరుగా నియమించాలి. ఏది ఎన్నాళ్లు ఉంచాలన్న షెడ్యూలు ఉండాలి. పాతికేళ్లు దాటిన రికార్డులను నేషనల్ ఆర్కైవ్స్‌తో సంప్రదించి మదింపు చేయాలి. నియమాలకు విరుద్ధంగా రికార్డులు నాశనం చేస్తే అయిదేళ్ల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి తోడు 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను, ప్రతి ప్రభుత్వ సంస్థా రికార్డులను జాబితా చేసి, సూచికతో ఉంచాలంటుంది.

చాలా ఆఫీసుల్లో రికార్డ్స్ ఆఫీసరు బాధ్యత ఎవరో ఒకరికి అదనపు పనిగా అంటగట్టి ఉంటుంది. ఆ అధికారి దగ్గరికి వెళ్లి, షెడ్యూలు తయారీలో సాయం చేస్తానని చెప్పండి. మీరు చేసిన ముసాయిదా ఆమోదం పొందితే, ఆ సంస్థలో రికార్డుల గురించి అందరూ అడిగే మనిషి మీరే అవుతారు.

ఇది కాగితాల మీద ప్రేమ ఉన్నవాళ్లకే సంబంధించిన విషయం అనుకోకండి. ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన కుటుంబాల పిల్లలు, మనవలు నేటికీ నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని తిరుగుతున్నారు. 1948 చట్టంతో జమీందారీ ఎస్టేట్లు రద్దయ్యాక మారిన భూముల హక్కులు తేల్చాలంటే పాత రికార్డే దిక్కు. ఒక కట్టకు చెద పడితే ఒక ఊరి హక్కుకు ఆధారం పోతుంది. ఈ పని ఇంత పట్టుదలగా చేయాలనడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

9. డబ్బు అడగడం నేర్చుకోండి

‘పరిరక్షణకు నిధులు కావాలి’ అని రాస్తే ఫైలు కదలదు. ‘ఈ 212 సంపుటాలకు పెట్టెలు, ఒక్కోదానికి ఇంత, మొత్తం ఇంత, మార్చి లోపు పూర్తి’ అని రాస్తే కదులుతుంది. చిన్న మొత్తం అడగండి, చెప్పిన తేదీకి పూర్తి చేయండి, ముందు ఫొటో, తర్వాత ఫొటో జతచేసి నివేదిక పంపండి. రెండోసారి అడిగినప్పుడు మీ పేరు గుర్తుంటుంది.

2013 కంపెనీల చట్టం ప్రకారం, అందులో చెప్పిన పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో వారసత్వ సంపద రక్షణ, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు స్పష్టంగా ఉన్నాయి. దరఖాస్తులో ఆ అంశాన్ని పేర్కొనండి. ప్రజా గ్రంథాలయాలకైతే 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ఉంది.

10. మనుషులు

ఏ బీరువా తలుపు ఎలా ఎత్తి తీయాలో, ఏ గోడ ఏ వానకు కారుతుందో ముందుగా తెలిసేది అటెండరుకు. సర్వేలో ఆయన పేరు రాయండి, శిక్షణకు ఆయన్ని కూడా పంపండి. రిటైరయ్యేవాళ్లను చివరి నెలలో కూర్చోబెట్టి, కట్టల చరిత్ర చెప్పించి రికార్డు చేయండి. ఇంట్లో పాత కాగితాలున్న కుటుంబాలతో మాట్లాడేటప్పుడు తొందరపడకండి. మొదటి రోజే ‘మాకు ఇచ్చేయండి’ అనకూడదు. వాళ్ల ఇంట్లోనే ఎలా భద్రపరచాలో చెప్పి, ఒక పెట్టె ఇచ్చి రండి. నమ్మకం కుదిరితే వాళ్లే పిలుస్తారు.

11. పై పోస్టుకు వెళ్లేటప్పుడు

ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఒక ఫైలు తీసుకెళ్లండి. అందులో ఏడాది తేమ నోట్‌బుక్కు నుంచి తీసిన గ్రాఫు, సర్వే నివేదిక, రెండు పేజీల తుపాను ప్లాను, పూర్తి చేసిన ఒక చిన్న ప్రాజెక్టు లెక్కలు ఉండాలి. ఈ నాలుగూ ఉన్న అభ్యర్థులు అరుదు. విశాఖ దాటి ఢిల్లీ, చెన్నై, హైదరాబాదుల్లో అవకాశం వస్తే కొన్నేళ్లు వెళ్లి రండి, పెద్ద సేకరణల మధ్య పనిచేసిన అనుభవం వేరు.

పోస్టు ఇస్తామన్నప్పుడు జీతంతో పాటు మూడు విషయాలు అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పరిరక్షణకు బడ్జెట్‌లో విడి పద్దు ఉంటుందా? నిల్వ గదుల్లో మరమ్మతులు, రంగులు, చెదల మందు పనులు మొదలుపెట్టే ముందు మీ అనుమతి తీసుకోవాలన్న ఉత్తర్వు ఇస్తారా? రికార్డుల తొలగింపు కమిటీలో మీరు సభ్యులుగా ఉంటారా? మూడింటిలో మొదటిది మొదటి ఏడాది దొరకకపోయినా చేరవచ్చు. మూడోది ఒప్పుకోకపోతే మాత్రం ఒప్పుకునేదాకా మాట్లాడండి.